గంజాయి షాపు బోర్డు చూసి ధీమా పడకండి

కాలిఫోర్నియాలో 2018 నుంచి గంజాయిని షాపుల్లో బాహాటంగానే అమ్ముతున్నారు. ‘ఇక్కడ లీగలే కదా, ఎవరికి నష్టం?’ అని రూమ్మేట్ అంటాడు. అతను అమెరికా పౌరుడైతే సరే. మీరు హెచ్‌-1బీ మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉంటే ఆ మాట నమ్మొద్దు. వీసాలు చూసేది ఫెడరల్ ప్రభుత్వం. 1970 నాటి ఫెడరల్ చట్టం కింద గంజాయి ఇప్పటికీ నియంత్రిత మత్తుపదార్థమే.

శిక్ష పడకపోయినా, ‘అవును, తాగాను’ అని అధికారి ముందు ఒప్పుకోవడమే దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు ఉంచుకున్న ఒక్క కేసుకు డిపోర్టేషన్ నుంచి మినహాయింపు ఉంది. కానీ ఇండియా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఆ మినహాయింపు దానంతటది వర్తించదు.

పౌరసత్వానికైతే ‘మంచి నైతిక నడవడి’ చూపాలి. లైసెన్సున్న గంజాయి షాపులో ఉద్యోగం కూడా దానికి అడ్డు కావచ్చని 2019లో యూఎస్‌సీఐఎస్ చెప్పింది. రాష్ట్రం పన్ను వసూలు చేసుకునే పనిలో నీతి ఎక్కడ తప్పిందో నాకైతే అర్థం కాదు. అయినా రూలు రూలే.

అలాగని అబద్ధం చెప్పకండి, అది ఇంకా పెద్ద చిక్కు. ఇంటర్వ్యూకు ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి. కేసు పడితే, ‘గిల్టీ’ అనే ముందు డిపోర్టేషన్ సంగతి మీ లాయర్‌ని అడగండి. అది చెప్పడం లాయర్ బాధ్యతేనని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.