స్థూలకాయులకు ఎండ విటమిను కొరత

విటమిన్ డి తక్కువగా నున్నదని రక్తపరీక్ష చీటీలో చూచినప్పుడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములవారు ఆశ్చర్యపడుదురు. ఏలయన గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ, ఇంచుమించు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్న ఈ సీమలో ఎండకు కరవు లేదు. అధికభారముతో బాధపడుచు, బరువు తగ్గించు ఆపరేషనుకై విశాఖపట్నమునకో హైదరాబాదునకో పోవుటకు సిద్ధపడుచున్నవారి యిండ్లలో ఆ యాశ్చర్యము నిందగా మారుట మిక్కిలి విచారకరము. "నువ్వు గడప దాటవు, ఎండ మొహం చూడవు, ఇంక ఎముకల్లో బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని పెద్దలే యందురు. ఈ నిందలో సగమైనను న్యాయము లేదు.

చర్మము మీద అతినీలలోహిత కిరణములు పడినప్పుడు అందలి యొక పదార్థము విటమిన్ డిగా మారును. ఆ మార్పు పగలు 11 గంటలు మొదలు 2 గంటల వరకు మిక్కిలిగా జరుగునని తిరుపతిలో జరిపి 2013లో ప్రకటించిన పరిశోధన తేల్చినది. లేత యెండయే శ్రేష్ఠమను మన నమ్మకమునకు ఇది విరుద్ధము. ఆ మధ్యాహ్నవేళ కొబ్బరితోట నీడనో, ఇంటికప్పు క్రిందనో, నిండైన వస్త్రధారణలోనో గడపువారికి మన సూర్యుడెంత యుదారుడైనను లాభము స్వల్పము. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనములో పట్టణవాసులకంటె పొలములలో శ్రమించు పల్లెవారి స్థితి మెరుగుగా నున్నను, వారిలో సైతము అనేకులకు ఈ విటమిను చాలలేదు.

స్థూలకాయునికి ఇంకొక చిక్కు కలదు. 2000లో అమెరికా పరిశోధకులు సన్ననివారిపైనను స్థూలకాయులపైనను ఒకే మోతాదు కిరణములు ప్రసరింపజేసి చూడగా, స్థూలకాయుల రక్తములో విటమిన్ డి పెరుగుదల 57 శాతము తక్కువగా నుండెను. చర్మము తన పని తాను చేయుచునే యున్నది. కాని కొవ్వులో కరగు స్వభావము గల యీ విటమినును శరీరమందలి కొవ్వు తనయందు దాచుకొనును. ఒకే బిందెడు నీరు గాబులో పోసిన కనబడును, చెరువులో పోసిన జాడ తెలియదు గదా! కావున ఇది సోమరితనపు ఫలము కాదు, దేహధర్మము.

శస్త్రచికిత్సకు ముందే దీనిని సరిదిద్దవలెనని వైద్యులు పట్టుబట్టుటకు బలమైన కారణమున్నది. బైపాస్ పద్ధతిలో ఆహారము చిన్నప్రేగు మొదటి భాగమును తప్పించుకొని పోవును; కాల్షియము ప్రధానముగా గ్రహింపబడు చోటు అదియే. స్లీవ్ పద్ధతిలో పొట్ట కుంచించుకొనుటచే తిండియే తగ్గును. అప్పటికే విటమిన్ డి కొరవడియున్నచో, కాల్షియమును నిలుపుటకై పారాథైరాయిడ్ గ్రంథులు విజృంభించి ఎముకలనుండి దానిని లాగుకొనును. బరువు తగ్గినందుకు మురియుచున్న రోగి ఎముకలు లోలోపల గుల్లబారును. ఆపరేషనుకై వేచియుండు నెలలు వ్యర్థకాలము కావని నేను దృఢముగా చెప్పగలను. లోటును పూడ్చుకొనుటకు అంతకంటె అనువైన సమయము లేదు.

రక్తములో మిల్లీలీటరుకు 30 నానోగ్రాములకు మించి యుండవలెనని సాధారణముగా కోరుదురు. కోడిగ్రుడ్డు సొనలోను, కొవ్వుగల చేపలలోను ఇది కొంత లభించును, కొబ్బరిలో లేదు. తిండితో మాత్రమే ఇంత లోటు తీరదు కనుక మన దేశములో వైద్యులు తరచుగా 60,000 యూనిట్ల సాషేను వారమునకొకటి చొప్పున కొన్ని వారములు వ్రాయుదురు. వారమునకని వ్రాసినదానిని మెడికల్ షాపులో కొని దినదినము త్రాగుట ప్రమాదకరము: రక్తములో కాల్షియము మితిమీరి వాంతులు, అతిదాహము కలుగును, మూత్రపిండములు చెడును. స్థూలకాయునకు సామాన్యునికంటె రెండు మూడు రెట్లు మోతాదు కావలసివచ్చును గాని, ఆ లెక్క వైద్యుడే రక్తపరీక్ష చూచి కట్టవలెను. ఆపరేషను పిమ్మట సైతము దినమునకు 3,000 యూనిట్ల వరకు విటమిన్ డిని కాల్షియముతోపాటు వాడుచు, మొదటి యేడు పలుమార్లు, ఆపైన ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలసియుండును.