గ్రామనిధికి కావలివారు

కంచెయే చేను మేసినచో చేనికి రక్ష యెక్కడిదని మన పెద్దలు అందురు. దొంగతనమునకును, నిధుల అపహరణకును గల భేదము ఈ సామెతలోనే కలదు. దొంగ గోడ దూకి వచ్చును. నిధిని అపహరించువాడో, మనము నమ్మి తాళపుచెవి అప్పగించినవాడు. కావుననే చట్టము దీనిని నమ్మకద్రోహముగా నెంచి, సామాన్యమగు దొంగతనము కంటె కఠినముగా శిక్షించుచున్నది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను ప్రకారము, ప్రజాసేవకుడు ఈ నేరము చేసినచో యావజ్జీవ కారాగారము గాని, 10 సంవత్సరముల వరకు జైలు గాని, దానితో పాటు జరిమానాయు విధింపవచ్చును.

‘రేపు కట్టెదను’

గోదావరి డెల్టాలోని పంచాయతీలకు ఇంటి పన్ను, నీటి పన్ను, సంత ఆశీలు, చేపల చెరువుల పాట, రేవుల పాట మున్నగు మార్గముల పైకము వచ్చును. వసూలైన సొమ్ము ఖజానాకు చేరక ఒకరి జేబులో నిలిచిపోవుటతో అపహరణ ప్రారంభమగును. పెండ్లి ఖర్చునకో, వైద్యమునకో వాడుకొని, పంట రాగానే కట్టెదనని అతడు తలచును. తరువాతి నెల వసూళ్లతో ఆ లోటు పూడ్చి, మరింత పెద్ద లోటు తెచ్చుకొనును. దురుద్దేశముతో కొద్దికాలము వాడుకొన్నను నేరమే. తిరిగి కట్టినంత మాత్రమున అది మాసిపోదు.

స్వల్పమగు తేడా యెంతకు పెరుగునో సత్యం కంప్యూటర్స్ ఉదంతము చాటినది. పశ్చిమ గోదావరికి చెందిన బి. రామలింగరాజు 1987లో స్థాపించిన సంస్థ అది. ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవనియు, తొలుత స్వల్పముగా నున్న తేడాయే ఏటేట పెరిగినదనియు ఆయన 2009 జనవరి 7న లేఖలో ఒప్పుకొనెను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము 10 మందిని దోషులుగా నిర్ణయించెను. వారిలో ఆడిటర్లు ఇరువురు కలరు. అప్పీలు చేసుకొనగా మరుసటి నెలలో శిక్ష అమలు నిలిపివేయబడినది.

నష్టము ఎవరిది?

వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందే మనము మంచినీటి చెరువులు నింపుకొందుము. చెరువు బాగుచేయుటకు, ఫిల్టరు బెడ్ల ఇసుక మార్చుటకు ఉద్దేశించిన పైకము దొంగబిల్లులలో మాయమైనచో, ఆ మురికినీరు త్రాగవలసినది మన బిడ్డలే. ఆ సంగతి తెలిసిన పిదప పన్ను కట్టుమని అడిగినను, ఊరివారు ఏ నమ్మకముతో కట్టుదురు?

సభ్యుల కర్తవ్యము

సభ్యులు ప్రతి నెల మూడు విషయములు సరిచూడవలెను. రశీదు పుస్తకములోని కౌంటరు ఫాయిళ్ల మొత్తము నగదు పుస్తకమునకు ఎక్కినదా? నగదు పుస్తకములోని మొత్తము ఖజానాలో జమపడినదా? బిల్లులో వ్రాసిన పని ఊరిలో కంటికి కనబడుచున్నదా? మస్టరులోని కూలీల పేర్లు, బిల్లుల మొత్తములు గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఆడిటు అభ్యంతరములను మూలకు నెట్టక, సమావేశములో చర్చింపవలెను.

చదువక చేవ్రాలు చేసిన సభ్యుడు నిర్దోషి కాజాలడు. తన నిర్లక్ష్యము వలననే నేరుగా కలిగిన నష్టమునకు సభ్యుడును బాధ్యుడగునని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. లెక్క అడుగుట ఎవరినీ అవమానించుట కాదు. నిజాయితీగల కార్యదర్శికి అదియే రక్ష; తడబడుచున్నవానికి అదియే తొలి హెచ్చరిక. పది రూపాయల తేడా కనబడిన నాడే అడిగినచో, ఊరి సొమ్మును నిలుపుటయే గాక, ఒక కుటుంబము వీధిపాలు కాకుండ కాపాడినవారమగుదుము.