ఇల్లు ఒకచోట... కాక్‌పిట్ ఇంకోచోట!

చేతిలో కొత్త ఉద్యోగం. ఒంటిమీద కొత్త యూనిఫాం. కానీ ఏ ఊళ్లో కాపురం పెట్టాలో తెలియదు. తెలిసినా, అక్కడ ఎన్నాళ్లు ఉంటారో తెలియదు. అమెరికాలో చిన్న విమానాలు నడిపే రీజినల్ పైలట్ల బతుకు ఇది.

హోటల్ గది గోడ నిండా కాగితాలు. వాటిమీద మీటలు, బటన్లు, డయళ్ల బొమ్మలు. ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్న కుర్రాడు ఒక్కో బొమ్మనూ వేలితో తాకుతూ ఏదో వల్లె వేస్తున్నాడు. మధ్యలో ఒక్క మాట తప్పితే మళ్లీ మొదటికి వస్తున్నాడు. కొత్తవాళ్లెవరైనా చూస్తే కంగారు పడతారు. హోటల్ సిబ్బందికి మాత్రం ఇది మామూలే. పక్క గదిలోనూ అదే వరస. వాళ్లంతా విమాన సంస్థలో కొత్తగా చేరిన పైలట్లు. అసలు విమానం ఎక్కేదాకా ఆ గోడే వాళ్లకు కాక్‌పిట్!

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే మన పెద్దవాళ్లలో చాలామంది వీళ్లు నడిపే విమానం ఎక్కే ఉంటారు. డల్లాస్‌లోనో షికాగోలోనో పెద్ద విమానం దిగి, చిన్న ఊరికి వెళ్లడానికి యాభై సీట్లదో డెబ్భై ఆరు సీట్లదో ఇంకో జెట్ ఎక్కుతారు. దానిమీద అమెరికన్ ఈగిల్, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్, డెల్టా కనెక్షన్... ఇలా ఏదో ఒక పేరుంటుంది. టికెట్ అమ్మేది పెద్ద కంపెనీ. నడిపేది స్కైవెస్ట్, రిపబ్లిక్, ఎన్వాయ్, ఎండీవర్ లాంటి సంస్థలు. ఆర్టీసీ రంగు వేసుకుని తిరిగే అద్దె బస్సు లాగన్నమాట. వీటిలో కొన్ని పెద్ద కంపెనీల సొంత సంస్థలే. అయినా పైలట్ల జీతాలు వేరు, సీనియారిటీ జాబితాలు వేరు.

గోడ నుంచి గగనానికి

ఉద్యోగం వచ్చిందంటే చదువు అయిపోయినట్టు కాదు. అసలు చదువు అప్పుడే మొదలు. ముందు సంస్థ నియమాలు. తర్వాత విమానంలోని కరెంటు, ఇంధనం, హైడ్రాలిక్ వ్యవస్థల పాఠాలు. ఇంజిన్‌కి నిప్పంటుకుంటే, క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పుస్తకం తిరగేసే తీరిక ఉండదు. ఆ క్షణంలో చేయాల్సిన పనులు కంఠతా రావాలి. అందుకే గోడమీద ఆ కాగితాలు. ఎక్కాలు నేర్చుకున్నట్టే!

ఆపైన మౌఖిక పరీక్ష. తర్వాత సిమ్యులేటర్. తుపాను, మంచు, ఇంజిన్ ఆగిపోవడం... అన్ని గండాలూ అక్కడే చూపిస్తారు. ఇప్పటి సిమ్యులేటర్లు ఎంత సహజంగా ఉంటాయంటే, అందులో నెగ్గినవాళ్లు అసలు విమానాన్ని మొదటిసారి నడిపేటప్పటికి వెనక సీట్లలో ప్రయాణికులు ఉంటారు. కంగారేం లేదు. పక్కన శిక్షణ ఇచ్చే కెప్టెన్ ఉంటాడు. సాధారణంగా పాతిక గంటలకు తగ్గకుండా ఆయన కంటి కింద నడిపాకే మామూలు డ్యూటీ.

నంబరే జాతకం

శిక్షణ మొదలైనప్పుడే చేతికి ఇంకొకటి వస్తుంది... సీనియారిటీ నంబరు. ఒకే రోజు చేరినవాళ్లలో ఎవరు ముందు? కొన్ని సంస్థల్లో వయసులో పెద్దవాళ్లు ముందు. కొన్నిచోట్ల చీటీ తీస్తారు. ఆ తర్వాత ఏ బేస్, ఏ విమానం, ఏ నెల ఏ డ్యూటీ, క్రిస్మస్‌కి సెలవు దొరుకుతుందా లేదా... అన్నీ ఆ నంబరే తేలుస్తుంది.

బేస్ అంటే డిపో లాంటిది. డ్యూటీ మొదలయ్యేదీ, ముగిసేదీ అక్కడే. ఖాళీలు వచ్చినప్పుడు సంస్థ ప్రకటిస్తుంది. పైలట్లు తమ ఇష్టాల్ని వరసగా రాసిస్తారు. పైనున్నవాళ్లు కోరుకున్నది వాళ్లకి. మిగిలింది కొత్తవాళ్లకి. డల్లాస్‌లో ఇల్లున్నవాడికి న్యూయార్క్ పడటం అలాగే.

పోనీ ఆ పడింది శాశ్వతమా అంటే, అదీ లేదు. ఏ ఊరినుంచి ఎన్ని విమానాలు నడపాలో తేల్చేది పెద్ద కంపెనీ. అది సర్వీసులు తగ్గిస్తే బేస్ చిక్కిపోతుంది, ఒక్కోసారి మూతపడుతుంది. అక్కడి సీనియర్లు ఇంకో బేస్‌కి వెళ్తే అక్కడి జూనియర్లు కదలాలి. వాళ్లు వెళ్లినచోట ఇంకా జూనియర్లు కదలాలి. ఎక్కడో ఒక బేస్ మూసేస్తే, దేశం ఆ చివరున్న పైలట్ ఇంట్లో సామాన్లు సర్దుకోవాల్సి వస్తుంది.

సంస్థే మూతపడితే? సిన్సినాటి కేంద్రంగా ఒక వెలుగు వెలిగిన కోమ్‌ఎయిర్ 2012 సెప్టెంబరులో ఆగిపోయింది. కొవిడ్ ఏడాది 2020లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ మూతపడ్డాయి, ఎక్స్‌ప్రెస్‌జెట్ పెద్ద కంపెనీకి విమానాలు నడపడం ఆగిపోయింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్ అయినా కొత్త సంస్థలో జాబితా చివరనే నిలబడాలి. సీనియారిటీ వెంట రాదు మరి!

అద్దె మంచం

బేస్ మారినప్పుడల్లా ఇల్లు మారలేరు కదా. భార్య ఉద్యోగం, పిల్లల బడి, పెద్దవాళ్ల ఆరోగ్యం ఉంటాయి. అందుకని చాలామంది ఇల్లు ఒక ఊళ్లో ఉంచి, డ్యూటీకి ఇంకో ఊరికి విమానంలో వెళ్తుంటారు. టికెట్ కొననక్కర్లేదు. కానీ సీటు ఖాళీగా ఉంటేనే ఎక్కాలి. మొదటి విమానం నిండిపోతే రెండోది. అదీ నిండితే? అందుకే తెలిసినవాళ్లు ఒకరోజు ముందే బయల్దేరతారు. ఆ రోజు జీతంలోకి రాదు.

కొత్తవాళ్లకి ఇంకో తిప్పలు... రిజర్వ్. ఫలానా విమానం అని ఉండదు. ఫోన్ వస్తే రెండు గంటల్లోనో, ఇంకొంచెం ఎక్కువలోనో విమానాశ్రయంలో ఉండాలి. వేరే ఊరినుంచి అది కుదరదు. అందుకని నలుగురైదుగురు కలిసి బేస్ దగ్గర ఓ గది తీసుకుంటారు. ఒకదానిమీద ఒకటి మంచాలు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు క్రాష్‌ప్యాడ్. మన రైలు డ్రైవర్లకు రన్నింగ్ రూమ్ ఉన్నట్టే. కాకపోతే అక్కడ ఖర్చు రైల్వేది, ఇక్కడ అద్దె పైలట్‌దే.

ఆ రాత్రి బఫెలో దగ్గర...

ఇది పైలట్ల కుటుంబాల కష్టం మాత్రమే అనుకుంటే పొరపాటు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ విమానం న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర ఓ ఇంటిమీద కూలింది. విమానంలోని 49 మందీ, ఇంట్లో ఒకరూ చనిపోయారు. వాళ్ల బేస్ నెవార్క్. కో-పైలట్ ఉండేది దేశానికి అటు చివర, సియాటిల్ దగ్గర. ముందురోజు రాత్రి సరుకు విమానాలు మారుతూ నెవార్క్ చేరుకుంది. కెప్టెన్ ఇల్లు ఫ్లోరిడాలో. ఆయన ముందు రాత్రి విమానాశ్రయంలోని సిబ్బంది గదిలోనే గడిపాడు.

వేగం పడిపోతోందని విమానం హెచ్చరించినప్పుడు ముక్కు దించాలి. కెప్టెన్ పైకి లాగాడు. ప్రమాదానికి అదే ముఖ్య కారణమని దర్యాప్తు తేల్చింది. ఇద్దరి పనితీరునూ అలసట దెబ్బతీసి ఉంటుందని, ఎంతవరకు అన్నది చెప్పలేమని కూడా రాసింది. శిక్షణలోని లోపమూ, నిద్రలేని ప్రయాణమూ ఒకే కాక్‌పిట్‌లో కలిశాయి.

చనిపోయినవారి కుటుంబాలు పట్టుబట్టాయి. 2010లో చట్టం వచ్చింది. అంతకుముందు 250 గంటలు నడిపితే కో-పైలట్ కాగలిగేవారు. 2013 నుంచి 1500 గంటలు ఉండాలి. సైన్యం నుంచి వచ్చినవాళ్లకూ, గుర్తింపు ఉన్న కోర్సులు చదివినవాళ్లకూ కొంత సడలింపు. 2014 జనవరి నుంచి డ్యూటీకి ముందు పది గంటల విశ్రాంతి ఇవ్వాలి. అందులో ఎనిమిది గంటలు నిద్రకు వీలుండాలి. ‘నేను నడపడానికి తగిన స్థితిలోనే ఉన్నాను’ అని పైలట్ ప్రతిసారీ ధ్రువీకరించాలి. జీతాలూ పెరిగాయి. ఒకప్పుడు ఏడాదికి ఇరవై వేల డాలర్ల చుట్టుపక్కల మొదలయ్యే చోట, 2022లో అమెరికన్ సొంత రీజినల్ సంస్థలు కొత్త కో-పైలట్‌కి గంటకు 90 డాలర్లు ప్రకటించాయి.

ఇంటినుంచి బేస్‌కి చేసే ప్రయాణానికి మాత్రం పరిమితి పెట్టలేదు. అది పైలట్ బాధ్యతకే వదిలేశారు.

చేరేముందు...

అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు చెప్పేది ఇదే.

• బోనస్ చూసి సంస్థను ఎంచుకోవద్దు. కారులో వెళ్లగలిగే బేస్ ఉందా, అది కొత్తవాళ్లకు దొరుకుతుందా అన్నది ముందు చూడాలి.

• అత్యవసర చర్యలు, వేగాలు, బరువుల పరిమితులు... సంస్థ ముందే పంపితే మొదటి క్లాసు నాటికే నోటికి వచ్చేయాలి. క్లాసులో దానికి టైముండదు.

• చదువుకునే తోడు వెతుక్కోవాలి. సిమ్యులేటర్‌లో ఇద్దరూ కలిసే నెగ్గాలి.

• కొన్ని నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకోవాలి.

• చివరి పరీక్ష నెగ్గి, బేస్ తేలేదాకా ఇల్లు కొనొద్దు. పిల్లల బడి మార్చొద్దు.

• ఏ బేస్ పడితే ఏం చేయాలన్నది ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి.

శిక్షణ చివరిరోజు కుర్రాడు గోడమీది కాగితాలు ఊడదీసి జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టుకుంటాడు. ఇంటికి ఫోన్ చేస్తాడు. ‘పాసయ్యా’ అంటాడు. అవతలివాళ్లు సంతోషిస్తారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న మాత్రం ఒక్కటే.

‘ఇంతకీ ఏ ఊరేశారు?’