కిరీటం ఒక్కటి... కొడుకులు ముగ్గురు!

జానపద చిత్రాల్లో మహారాజు కన్నుమూశాకే కథ ఊపందుకుంటుంది కదా! స్వీడన్‌లోని పారడాక్స్ సంస్థ 2020లో విడుదల చేసిన 'క్రూసేడర్ కింగ్స్ 3' అనే కంప్యూటర్ ఆటలోనూ అంతే. మధ్యయుగాల్లో ఒక రాజును ఎంచుకుని 1453 దాకా వంశాన్ని నిలబెట్టాలి. యుద్ధాలు గెలవడం ఒక ఎత్తు, వారసత్వం ఒక ఎత్తు.

తొలి శతాబ్దాల్లో చాలా రాజ్యాలకు వాటాల పంపకమే చట్టం. రాజు పోగానే నేల కొడుకులందరికీ చీలిపోతుంది. మరో రాజ్యానికి సరిపడా నేల ఉంటే రెండోవాడికి కొత్త కిరీటమే పుట్టుకొస్తుంది! ఇదేమీ కట్టుకథ కాదు. 843లో వెర్డున్ ఒప్పందంతో షార్లమేన్ మనవలు ముగ్గురూ ఆయన సామ్రాజ్యాన్ని ఇలాగే పంచుకున్నారు.

పోనీ, నేలంతా మన గుప్పిట్లోనే ఉంచుకుందామా? రాజుగారి పాలనాదక్షతను బట్టి దానికో హద్దుంది. మీరితే పన్నులూ తగ్గుతాయి, సైన్యమూ తగ్గుతుంది. మిగతాది సామంతులకు ఇవ్వాల్సిందే. రేపు కత్తి దూసేదీ వాళ్లే! చిన్నవాడికి వారసత్వం లేకుండా చేద్దామంటే వంశప్రతిష్ఠ కరుగుతుంది. అందుకే ఆరితేరినవాళ్లు కొత్తగా గెలిచిన దూరప్రాంతాలను ముందే చిన్నవాళ్ల వాటాగా ఇచ్చేసి, రాజధాని చుట్టుపక్కల నేల పెద్దవాడికి మిగులుస్తారు.

అసలు తమాషా ఏమిటంటే, తండ్రి పోయాక మీరు ఆడేది వారసుడిగా. నిన్న ముద్దుగా పెంచిన చిన్నకొడుకే ఇవాళ మీ సింహాసనానికి పోటీదారు!