విమానపు బొమ్మకు తెరచిన మూత

పెదపారుపూడి, గుడివాడ ప్రాంతముల పిల్లలకు తాటాకు గాలిమరలను, కాగితపు గాలిపటములను చేయుట క్రొత్త కాదు. వాటికంటె ఓర్పును కోరు పని వేరొకటి కలదు. నిజమైన విమానమును కొలత తప్పకుండ చిన్నదిగా చేయుటయే ఆ పని. నేషనల్ కేడెట్ కోర్ వాయువిభాగమున చేరిన విద్యార్థులకు ఇది శిక్షణలో ఒక భాగము. ప్లాస్టిక్ భాగములను అతికించి చేయు నమూనాలలో నిజమైన విమానమునకు 72వ వంతు కొలత మిక్కిలి ప్రసిద్ధము.

అట్టి నమూనాలలో స్పిట్‌ఫైర్ అను యుద్ధవిమానమునకు తెలుగునాటి చరిత్రతో సంబంధము కలదు. హైదరాబాదు నిజాము చేసిన ధనసహాయమునకు గుర్తుగా బ్రిటిష్ వాయుసేనలోని 152వ దళమునకు హైదరాబాదు పేరు చేర్చిరి. 1940లో ఇంగ్లండు మీద జరిగిన ఆకాశయుద్ధములో ఆ దళము స్పిట్‌ఫైర్ విమానములతోనే పోరాడెను. ఈ విమానపు రెక్కల ఈ కొననుండి ఆ కొనకు 11 మీటర్ల 23 సెంటీమీటర్లు. 72వ వంతు బొమ్మలో అది 15.6 సెంటీమీటర్లు మాత్రమే.

వైమానికుడు కూర్చుండు గదిపైనున్న పారదర్శకమైన కప్పును కేనపీ అందురు. స్పిట్‌ఫైర్‌లో దీనికి మూడు భాగములు కలవు. ముందరి గాలి అద్దమును, వెనుకటి అద్దమును కదలవు. నడిమి మూత మాత్రము వెనుకకు జరుగును. వైమానికుడు లోనికి పోవునది దానిని జరిపియే. ఆపద కలిగినప్పుడు ప్రాణములు దక్కించుకొనుటకు వెలుపలికి దుముకునదియు అచ్చటనుండియే. మూత బిగిసికొన్నచో పగులగొట్టుటకు ప్రక్క తలుపునకు ఒక చిన్న గడ్డపారను కూడ తగిలించెడివారు. కావున బొమ్మలో మూత తెరచి చూపుట కేవలము అలంకారము కాదు. ఆ యంత్రములో ఒక మనిషి ఉండెనని అది జ్ఞప్తికి తెచ్చును.

అయితే పెక్కు పెట్టెలలో ఈ మూడు భాగములును ఒకే ముక్కగా, మూసినట్లు పోతపోయబడి యుండును. తెరచి చూపవలెనన్న దానిని కోయక తప్పదు. పెట్టెలో ఆ ముక్క ఒక్కటే యుండును. చెడినచో వేరొకటి లేదు. ఆ ముక్కను పోతపోయు పాలిస్టైరిన్ అద్దమువలె స్వచ్ఛమే కాని వంగు గుణము తక్కువ, పగులు గుణము ఎక్కువ. కత్తితో ఒక్కసారిగా నొక్కినచో బలమంతయు కత్తిమొన కడ కూడుకొని, గీత దాటి పగులు పారును.

కంసాలి బోలుగా నున్న నగపై పని చేయునపుడు లోపల లక్క నింపును. లోపలి ఆధారమువలన పలుచని రేకు నలగదు. ఇచ్చటను ఉపాయమదియే. ముక్క లోపలి బోలును మెత్తని బంకమట్టితోగాని మైనముతోగాని నింపవలెను. పిమ్మట కోయవలసిన గీత వెంబడి అంటుపట్టీ నతికించినచో రంపము ప్రక్కకు జారినను గీటు పడదు. మిక్కిలి సన్నని పండ్లుగల రంపమును దాని బరువుతోనే నడుపవలెను. తొందరపడి రాపాడించినచో వేడి పుట్టి ప్లాస్టిక్ కరగి పండ్లకు పట్టుకొనును. అందుచే నడుమ నడుమ నీటిచుక్క వేయుచు, కొన్ని లాగుల కొకసారి ఆగుచుండవలెను. రంపము తెగగోయు మేర కొంత పొడియై పోవును గనుక, ఉంచుకొనదలచిన భాగమునకు కొంచెము ఎడముగా కోసి, మిగిలినది తరువాత అరుగదీయుట మేలు.

కోసిన అంచులను మిక్కిలి నున్నని గరుకు కాగితముతో నీటిలో తడుపుచు రుద్ది, కడపట పళ్లపొడి ముద్దతో మెరుగు పెట్టుదురు. అతికించునపుడు వెంటనే పట్టు సూపర్ గ్లూ వాడరాదు. దాని ఆవిరి అద్దమును తెల్లగా మసకబార్చును. కొయ్యపనికి వాడు తెల్లజిగురు ఆరినపిదప స్వచ్ఛముగా నుండును, అదియే శ్రేష్ఠము.

ఇంకొక చిక్కు కలదు. పోతపోసిన మూత ఒక మిల్లీమీటరు మందమున్నచో, 72వ వంతు లెక్కన అది నిజమైన విమానమున 72 మిల్లీమీటర్ల మందపు అద్దమైనట్లు. నిజమైన మూత మందము కొన్ని మిల్లీమీటర్లకు మించదు. మూసియున్నంతవరకు ఈ దోషము కంటబడదు. తెరచి వెనుకకు జరిపినప్పుడు ఆ మందపు ముక్క విమానపు వీపుపై సరిగా కూర్చుండక పైకి లేచి నిలుచును. అందుచే నేర్పరులు నున్నగా చెక్కిన కొయ్య అచ్చుపై, వేడిచేసి మెత్తబరచిన పలుచని ప్లాస్టిక్ రేకును లాగి, నడిమి మూతను క్రొత్తగా చేయుదురు. ఈ పని పెద్దల సమక్షమున మాత్రమే చేయదగినది.

మూత తెరచినపిదప లోపలి ఆసనము, చేతికర్ర, కొలతల పలకలు కంటికి కనబడును. అంతవరకు మూత చాటున దాగిన పనిలోని లోపములును అప్పుడే బయటపడును. అందుచే మూతను తెరువదలచినవాడు ముందుగా గది లోపలిని శ్రద్ధగా తీర్చవలెను. అరచేతిలో ఇమిడెడి ఆ బొమ్మను చూచువాడు, అంత ఇరుకైన చోట ఒక యువకుడు కూర్చుండి మేఘములలో పోరాడెనని అప్పుడు గాని గ్రహింపలేడు.