దరఖాస్తులో ఒక చిన్న గడి

దరఖాస్తు ఫారంలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాయడానికి ఎవరికీ చెయ్యి వణకదు. వణికేది ఒక్కచోటనే: “ఎప్పుడైనా ఏ పరీక్షకైనా డిబారు అయ్యారా?” అన్న గడి దగ్గర.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడి, 1930లో వాల్తేరు చేరింది. నాటి నుంచీ విశాఖపట్నం చదువుల ఊరు. ఇక్కడి పిల్లలు నేడు ఢిల్లీకే కాదు, అమెరికాకూ దరఖాస్తులు పెడుతున్నారు. వారిలో ఏ ఒకరికో మునుపు జేబులో చీటీ దొరికి, ఒక పేపరు రద్దయి ఉంటుంది. ఆ పిల్లవాడు ఇప్పుడేం రాయాలి?

“లేదని రాసెయ్యి నాయనా, ఎవరు చూడొచ్చారు?” అంటారు ఇంట్లో పెద్దలు. ప్రేమకొద్దీ అన్న మాటే. కాని మాల్‌ప్రాక్టీసు కమిటీ ఉత్తరువు కాగితం మీద ఉంటుంది. కాగితానికి మరపు లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగాల అటెస్టేషన్ ఫారం కూడా ఈ ప్రశ్న అడుగుతుంది; నిజం దాస్తే అదే అనర్హత అని పైనే హెచ్చరిస్తుంది. అంటే పాత తప్పుకు శిక్ష ఏనాడో తీరిపోయినా, దాచినందుకు కొత్త శిక్ష మొదలవుతుందన్నమాట!

అలాగని అడగనిదంతా చెప్పుకోనక్కరలేదు. క్రిమినల్ కేసుల సంగతి దాచిన ఉద్యోగార్థుల విషయమై, 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. అయితే ఫారంలో స్పష్టంగా అడిగినదే చెప్పాలి. స్వల్ప విషయమైతే యజమాని క్షమించవచ్చును. అమెరికాలో అనేక కళాశాలలకు కలిపి పెట్టే ‘కామన్ యాప్’ దరఖాస్తు, స్కూలు క్రమశిక్షణ ప్రశ్నను 2021–22 నుంచి తీసేసింది. ఏ కళాశాలైనా విడిగా అడిగితే మాత్రం జవాబివ్వవలసిందే. కనుక ముందు ప్రశ్నను రెండుసార్లు చదవాలి. “డిబారు అయ్యారా?” అన్నది వేరు, “ఏదైనా చర్య జరిగిందా?” అన్నది వేరు.

జవాబు నాలుగు వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఎప్పుడు, ఏ శిక్ష పడింది, ఆ తరువాత ఎలా చదివాను. ఇన్విజిలేటరుగారి కోపం, పక్కవాడి దుర్బోధ, ఇంట్లో జబ్బులు ఏకరువు పెట్టవద్దు. ఉత్తరువు నకలు దగ్గర ఉంచుకోవాలి. సిఫారసు ఉత్తరం రాసే మాస్టారికి ముందే చెప్పాలి. ఆయన మాటా మీ మాటా రెండుగా ఉంటే నిజానికి కూడా విలువ పోతుంది.

నిజం చెబితే సీటు తప్పక వస్తుందా? రాకపోవచ్చును. ఆ మాట తల్లిదండ్రులు పిల్లలకు దాపరికం లేకుండా చెప్పాలి. కాని నిజం చెప్పి పోగొట్టుకున్న సీటు ఒక్క ఏడాది నష్టం. అబద్ధంతో దొరికిన సీటు, పట్టా చేతికి వచ్చాక కూడా పోవచ్చు. అంతవరకూ తలుపు చప్పుడైనప్పుడల్లా గుండె ఝల్లుమంటూనే ఉంటుంది. పదిహేడేళ్లప్పుడు చేసిన తప్పు కోసం ముప్పయ్యేళ్ల వయసులో అంత భయం మోయడం ఎందుకు?