సంబంధముల వల – దానిని లెక్కించు విధము

ఒక ఊరిలో జనులెందరో జనాభా లెక్కలు చెప్పును. కాని వారిలో ఎవరికి ఎవరితో సంబంధమున్నదో, ఒక వార్త ఎవరినుండి ఎవరికి చేరునో ఆ లెక్కలు చెప్పజాలవు. ఇందుకు వేరొక గణితము కలదు. 1934లో జేకబ్ మొరీనో అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఒక బాలికల పాఠశాలలో ఎవరికెవరు ఇష్టులో అడిగి తెలిసికొని, దానిని చిత్రముగా గీసి చూపెను. మనిషిని బిందువుగను, సంబంధమును రేఖగను గీసిన ఇట్టి చిత్రమును సంబంధ జాలము అందుము.

ఒక ఉదాహరణము చూతము. రామన్నపేటలోని ఒక ఉన్నత పాఠశాలలో ఏడుగురు విద్యార్థులున్నారని ఊహింపుడు. వారిని క, ఖ, గ, ఘ, చ, ఛ, జ అందుము. "ఇంటివద్ద ఎవరితో కలిసి చదువుకొందువు?" అని ప్రతివారిని అడిగితిమి. పేటలో నివసించు క, ఖ, గ ముగ్గురును కలిసి చదువుదురు. పొరుగు గ్రామమునుండి వచ్చు చ, ఛ, జ లును అట్లే. రెండిటికి నడుమ నివసించు ఘ ఒకనాడు గ తోను, ఒకనాడు చ తోను చదువును.

ఈ సమాచారమును పట్టికగా వ్రాయవచ్చును. చేనేత తెలిసిన ఈ ప్రాంతపు పిల్లలకు ఇది సులభము; నిలువు వరుసలు పడుగు, అడ్డు వరుసలు పేక అనుకొనిన చాలును. రెండును కలియు గడిలో, ఆ ఇద్దరికి సంబంధమున్నచో 1, లేనిచో 0 వేయవలెను. 49 గడులలో 16 ఒకట్లు వచ్చును. ప్రతి రేఖ రెండు చోట్ల లెక్కకు వచ్చును గనుక రేఖలు 8. ఏడుగురిలో ఏర్పడగల జతలు 21. వానిలో 8 మాత్రమే నేరుగా కలిసియున్నవి.

ఇక ముఖ్యుడెవరు? రేఖలు లెక్కించినచో గ, చ లకు మూడేసి. ఘ కు రెండే. కాని పేట పిల్లలు ముగ్గురికి, గ్రామపు పిల్లలు ముగ్గురికి నడుమ ఏర్పడు 9 జతలకును దారి ఘ మీదుగనే పోవును. గ మీదుగను, చ మీదుగను పోవు జతలు ఎనిమిదేసి మాత్రమే. ఘ లేనినాడు వల రెండు తునుకలగును. కనుక ఎక్కువమంది తెలిసినవాడే ముఖ్యుడని తలచుట పొరపాటు.

ఇందు ఒక హెచ్చరిక కూడ ఉన్నది. సమాచారము సేకరించిన దినమున ఘ బడికి రాలేదనియు, అతని పేరు పట్టికలో చేరలేదనియు అనుకొనుడు. అప్పుడు రెండు జట్లకు పొత్తే లేదని మనము తీర్మానింతుము! నూరుమందిలో ఒకరు తప్పిపోయినను, ఆ ఒకరు ఎవరన్నదానినిబట్టి ఫలితము తారుమారు కావచ్చును.

ఇది తరగతి గది ఆట మాత్రము కాదు. 1960 దశకమున హైదరాబాదులోని జాతీయ సామాజికాభివృద్ధి సంస్థ పరిశోధకులు గ్రామములలో కొత్త వ్యవసాయ పద్ధతులు వ్యాపించు తీరును పరిశీలించిరి. రైతులు ఎవరి సలహా పాటింతురో అడిగి తెలిసికొనిరి. పొరుగున ఉన్న కర్ణాటకలో అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డుఫ్లో, మాథ్యూ జాక్సన్ 75 గ్రామముల సంబంధములను సేకరించిరి. ఎవరి ఇంటికి పోవుదురు, బియ్యము, కిరసనాయిలు ఎవరివద్ద బదులు తెచ్చుకొందురు అనునవి వారి ప్రశ్నలు. తరువాత వానిలో 43 గ్రామములకు సూక్ష్మరుణ పథకము వచ్చెను. ఆ వార్త మొదట ఉపాధ్యాయులు, దుకాణదారులు మున్నగువారికి చెప్పబడెను. 2013లో ప్రకటించిన ఫలితమిది: మొదట విన్నవారికి ఎందరు తెలియును అన్నది అంత ముఖ్యము కాదు; వారికి తెలిసినవారు వలలో ఎంత కీలకమైన స్థానమున ఉన్నారు అన్నదానినిబట్టి పథకమున చేరినవారి సంఖ్య పెరిగెను.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో చేయింపవచ్చును. పేర్లకు బదులు అక్షరములు వాడవలెను. ఏ అక్షరము ఎవరిదో ఉపాధ్యాయునికి మాత్రమే తెలియవలెను. ఏలయన, ఒక్క రేఖయైనను లేని బిందువు కనబడవచ్చును. అది ఒంటరిగా చదువుకొను ఒక పిల్లవాడు. పటమును చూచిన ఉపాధ్యాయుడు మరునాడు అతనిని ఏ జట్టులో కూర్చుండబెట్టవలెనో ఆలోచించినచో, ఆ లెక్క చేసిన శ్రమకు ఫలము దక్కినట్లే.